మాల తీసిన మర్నాడు

రాయచూరు జిల్లా పల్లెల్లో ‘సీహెచ్ పౌడర్’ అంటే ఏమిటో బడి మొహం చూడనివారికి కూడా తెలుసు. క్లోరల్ హైడ్రేట్ అనే రసాయనానికి అది వాడుక పేరు. జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్ 1832లో దాన్ని తయారుచేశాడు. 1869 నుంచి వైద్యులు నిద్రమందుగా వాడారు. అంతకంటే భద్రమైన మందులు వచ్చాక చాలావరకు పక్కన పెట్టేశారు. అలా పక్కన పెట్టిన మందు కృష్ణా తుంగభద్రల నడుమ కల్లులోకి వచ్చి చేరింది. చెట్టు ఇచ్చేది తక్కువ, తాగేవారు ఎక్కువ అయినచోట నీళ్లలో సాక్రిన్, ఈ పొడి కలిపి కల్లని అమ్ముతారు. పొడి దొరకనప్పుడు అల్ప్రాజోలం, డయాజెపాం కలుపుతారు. ఎల్ల దాటి గద్వాల, మహబూబ్‌నగర్ వైపు వెళ్లినా ఇదే తంతు.

వ్యసనం మాట రాగానే మనకు తోచే మొదటి ప్రశ్న ‘తప్పు ఎవరిది’ అన్నది. ఈ కల్లు ముందు ఆ ప్రశ్న తడబడుతుంది. పత్తి చేనులో పొద్దంతా పనిచేసి సాయంత్రం దుకాణం దగ్గర కూర్చున్న కూలీ కల్లు తాగుతున్నానని అనుకుంటున్నాడు. అతన్ని కట్టిపడేస్తున్నది మాత్రం నిద్రమాత్ర. అతను కోరుకున్నది ఒకటి, అతనికి అలవాటైంది మరొకటి. తెలిసి ఎంచుకున్నదానికే మనిషి బాధ్యుడు అనే సూత్రాన్ని మనం నిజంగా నమ్మితే, ఇతని బాధ్యతను ఏ తూకంతో కొలవాలి? అలాగని అతను పూర్తిగా అమాయకుడూ కాదు. దుకాణం వైపు నడిచింది అతని కాళ్లే. కల్లులో ఏదో కలుస్తోందని ఊరంతా చెప్పుకుంటున్నది అతనూ విన్నాడు. ఈ రెంటికీ మధ్య ఉన్న ఇరుకు జాగాలోనే మన ఆలోచన సాగాలి.

2015 సెప్టెంబరులో తెలంగాణ ఎక్సైజ్ అధికారులు కల్తీ కల్లుపై ఉక్కుపాదం మోపారు. కొద్దిరోజుల్లోనే నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఆసుపత్రులకు వందలమంది వచ్చారు. చేతులు వణుకుతున్నాయి, ఫిట్స్ వస్తున్నాయి, లేనివి కనిపిస్తున్నాయి, మాట తడబడుతోంది. కారణం శరీరంలోనే ఉంది. సారా, క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం మూడూ మెదడును నెమ్మదింపజేసే వ్యవస్థ మీదే పనిచేస్తాయి. రోజూ బయటినుంచి అంత నెమ్మది వచ్చిపడుతుంటే మెదడు దానికి ఎదురుగా తన వేగాన్ని పెంచుకుంటుంది. మత్తు ఒక్కసారిగా ఆగితే ఆ వేగం ఒక్కటే మిగులుతుంది. అప్పుడు ప్రాణం కూడా పోవచ్చు. అందుకే వైద్యుడు మందు మోతాదును రోజురోజుకూ కొంచెం కొంచెంగా తగ్గిస్తాడు. ‘మగాడివైతే రేపటినుంచి మానెయ్’ అని తిట్టే అన్నకు, మామకు ఈ సంగతి తెలియదు. కల్తీని ఆపడం ప్రభుత్వం చేయవలసిన పనే. తాగినవారి శరీరాలు ఏమవుతాయో ముందే ఆలోచించి ఉండాల్సింది కూడా ప్రభుత్వమే.

అయితే ఇది జబ్బేనా? 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల కలిగే మానసిక స్థితులను మానసిక అనారోగ్యం కిందే లెక్కించింది. ఆ మాటలో ఉపకారం ఉంది. ఇన్నాళ్లూ పాపం, బలహీనత, వంశదోషం అన్న ముద్రలు మోసినవారికి అది వైద్యుడి గది తలుపు తెరిచింది. కానీ ఉపకారం చేసే మాటలన్నీ నిజమే కానక్కరలేదు కనుక దీన్నీ పరీక్షించాలి. వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కు అలవాటుపడి 1971లో ఇంటికి తిరిగొచ్చిన అమెరికన్ సైనికులను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు అధ్యయనం చేసింది. అక్కడ వ్యసనంలో ఉన్నవారిలో, వచ్చిన మూడేళ్లలో మళ్లీ వ్యసనంలో పడినవారు సుమారు 12 శాతమే. మిగిలినవారిలో ఎక్కువమంది ఏ చికిత్సా లేకుండానే బయటపడ్డారు. స్థలం మారింది, తోటివారు మారారు, మందు అందుబాటు మారింది. జబ్బు పూర్తిగా పుర్రెలోపలే ఉంటే ఇది సాధ్యమయ్యేది కాదు.

ఈ అధ్యయనాన్ని చూపించి ‘చూశారా, తలచుకుంటే మానొచ్చు’ అనేవారూ ఉన్నారు. వారు ఒక్కటి మరిచిపోతున్నారు. ఆ సైనికుడికి తిరిగి వెళ్లడానికి వేరే ఊరు ఉంది. సింధనూరు క్యాంపులో నాట్లు వేసే కూలీకి, మాన్వి బస్టాండులో మూటలు మోసేవాడికి వ్యసనం అంటుకున్న ఊరూ, కోలుకోవలసిన ఊరూ ఒకటే. కూలి డబ్బులు చేతికిచ్చే చోటూ, దుకాణమూ, ఇల్లూ ఒకే వీధిలో ఉంటాయి.

ఊరు మారకుండానే మనిషి చుట్టూ ఊరు మారే సందర్భం ఒకటి మన కళ్లముందే ఏటా జరుగుతుంది. కార్తీకం రాగానే అయ్యప్ప మాల వేసుకుంటారు. 41 రోజుల మండల దీక్ష. రోజూ తాగే మనిషి ఆ 41 రోజులూ చుక్క ముట్టడు. భక్తుడు దీన్ని స్వామి మహిమ అంటాడు. సందేహించేవాడు భయమంటాడు, పేరు కోసమంటాడు. ఆ ఇద్దరి మాటనూ కాసేపు పక్కనపెట్టి, అక్కడ జరుగుతున్నదేమిటో చూద్దాం. మాల పడిన క్షణం నుంచి అతని పేరు మారుతుంది. భార్య, పిల్లలు, మేస్త్రి, అప్పులవాడు అందరూ ‘స్వామీ’ అనే పిలుస్తారు. తెల్లవారుజామున చన్నీటి స్నానం, మళ్లీ సాయంత్రం స్నానం, నేలమీద పడక, ఒంటిపూట భోజనం, రాత్రి భజన. రోజులో ఖాళీ గంట లేదు. ఒంటరిగా కూర్చోవలసిన పనీ లేదు. అన్నిటికంటే పెద్ద విషయం ఏమిటంటే, నిన్నటిదాకా అప్పు మీద పోసిన దుకాణదారుడే ఇవాళ మాల ఉన్నవాడికి పోయడు. అతని నిగ్రహంలో కొంత అతనిది, కొంత ఊరు అరువిచ్చినది.

మాల తీసిన మర్నాడు ఆ అరువు ఊరు వెనక్కి తీసుకుంటుంది. పేరు పాతదే, కూర్చునే చోటు పాతదే. ‘ఇన్నాళ్లు ఉన్నావు కదా, ఇవాళైనా ఒక గ్లాసు’ అనే స్నేహితుడు సిద్ధంగా ఉంటాడు. కొందరు అక్కడితో శాశ్వతంగా మానేస్తారు, వారిని తక్కువ చేయకూడదు. చాలామంది మానరు. మానలేదని వారి 41 రోజులను బూటకమనడం అన్యాయం. ఆ రోజులు అబద్ధం కాదు. అవి దేనిమీద నిలబడ్డాయో మనం గుర్తించలేదు, అంతే. (ఇక్కడ మాల వేసే గురుస్వాములకు ఒక మనవి. రోజూ పొద్దున్నే తాగితే తప్ప చేతి వణుకు ఆగనివాడిని, మాల వేసేముందు ఒకసారి ఆసుపత్రికి పంపండి. రెండో రోజో మూడో రోజో ఫిట్స్ వస్తే దాన్ని అపచారమని అనుకుంటారు.)

1935లో అమెరికాలోని అక్రన్ పట్టణంలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం ఈ చిక్కును మరోలా ఎదుర్కొంది. దానికి ముగింపు తేదీ లేదు. ఈ ఒక్కరోజు తాగకుండా ఉండు, రేపు మళ్లీ రా అంటుంది. మనకంటే పెద్దదైన ఒక శక్తిని ఒప్పుకోమంటుంది కానీ, అది ఏదో ఎవరికివారు తేల్చుకోవచ్చంటుంది. మనిషిని నిలబెట్టింది దేవుడా, పక్క కుర్చీలోని మనిషా అని మనం విడదీయబోతే, అనుభవించినవాడికి ఆ రెండూ విడిగా కనిపించవు. అతని తరఫున మనం తేల్చవలసిన అవసరమూ లేదు. ప్రభుత్వ చికిత్సకు మాత్రం నమ్మకాన్ని ప్రవేశపత్రం చేయకూడదు. నమ్మేవాడికి భజన, నమ్మనివాడికి సంఘం, ఇద్దరికీ వైద్యుడు కావాలి.

కోలుకోవడం ఏళ్ల పని అనగానే ఎదురయ్యే ప్రశ్న, మళ్లీ తాగితే? 2000లో మెక్లెల్లన్, ఆయన సహచరులు రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసం వ్యసనాన్ని రక్తపోటు, మధుమేహం, ఉబ్బసం వంటి దీర్ఘవ్యాధులతో పోల్చింది. చికిత్స తీసుకున్నవారిలో 40 నుంచి 60 శాతం మంది మళ్లీ జారతారు, రక్తపోటు రోగుల్లోనూ దాదాపు అంతే. బీపీ మళ్లీ పెరిగితే మోతాదు మారుస్తాం గాని రోగిని వెలివేయం కదా, అన్నది వాదన. ఇది మంచి వాదనే, సగందాకా. బీపీ పెరిగినవాడు పుస్తెలు తాకట్టు పెట్టడు, అర్ధరాత్రి పిల్లలను లేపి కొట్టడు. కాబట్టి జారిన మనిషికి చికిత్స కొనసాగించాలి అనడం వేరు, అతని ఇంట్లోవాళ్లు మౌనంగా భరించాలి అనడం వేరు. మొదటిది ఒప్పుకుంటూనే రెండోదాన్ని నిరాకరించవచ్చు.

ఇంట్లోవాళ్ల ప్రస్తావన వచ్చింది కనుక ఒక ఇబ్బందికరమైన అలవాటు గురించి చెప్పాలి. డైసల్ఫిరాం అనే మాత్ర వేసుకున్నవాడు తాగితే ముఖం ఎర్రబడుతుంది, గుండె దడ, వాంతులు వస్తాయి. ఆ భయంతో తాగకుండా ఉంటాడని వైద్యులు అతనికి చెప్పి, అతను ఒప్పుకున్నాకే ఇస్తారు. దాన్ని ఎలాగో సంపాదించి, మజ్జిగలోనో పప్పులోనో కలిపి పెట్టే కుటుంబాలున్నాయి. తెలియక తాగితే ప్రాణాపాయం, అది ఒక సంగతి. ఇంకొక సంగతి మనల్ని ఎక్కువ ఆలోచింపజేయాలి. కల్లులో అతనికి తెలియకుండా ఒకరు ఏదో కలిపారు. అన్నంలో అతనికి తెలియకుండా మరొకరు ఏదో కలిపారు. ఉద్దేశాల మధ్య భూమికీ ఆకాశానికీ ఉన్నంత దూరం. ఒకరిది లాభం, ఇంకొకరిది ప్రేమ, లేదా విసిగి వేసారిన నిస్సహాయత. కానీ రెండు చోట్లా అతను అడగదగిన మనిషి కాకుండా పోయాడు. కోలుకోవడమంటే మత్తు లేకపోవడం మాత్రమే అయితే రెండోది తప్పు కాకపోవచ్చు. తన సంగతి తానే చూసుకోగల స్థితికి తిరిగి రావడమే కోలుకోవడమైతే, మొదటి మాత్రనుంచే అతన్ని అడగడం చికిత్సలో భాగమవుతుంది.

అడిగితే ఒప్పుకోడు కదా అంటారు. నిజమే, తాగిన రాత్రి ఒప్పుకోడు. పైన చెప్పిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే దీనికి ఒక దారి చూపింది. మనసు నిలకడగా ఉన్నప్పుడు, రేపు తాను నిర్ణయించుకోలేని స్థితి వస్తే ఎలాంటి చికిత్స ఇవ్వాలో, ఎలాంటిది వద్దో ముందే రాసిపెట్టవచ్చు. తన తరఫున మాట్లాడేవారిని తానే ఎంచుకోవచ్చు. గొలుసులతో కట్టడాన్ని అదే చట్టం నిషేధించింది. గదిలో పెట్టి తాళం వేసే ‘కేంద్రాలు’ దాన్ని చదవాలి. ఇక్కడ పాత తత్వప్రశ్న కొత్త వేషంలో వస్తుంది. ఉదయం కాగితం రాసినవాడు, రాత్రి వదలమని అరిచేవాడు, వీరిలో అసలు మనిషి ఎవరు? ఇద్దరూ అతనే. అయితే కారణాలు విని, ఎదురు ప్రశ్న వేసి, ఆలోచించి రాసినవాడి మాటకు కొంత ఎక్కువ విలువ ఇవ్వడం న్యాయం. ఆ కాగితం అత్తగారి ఒత్తిడితో రాసిందైతే ఆ విలువ పోతుంది.

ఇదంతా మగవాళ్ల గురించే ఎందుకు? ఎయిమ్స్ నిపుణులు చేసి 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం మద్యం వాడేవారు మగవారిలో 27.3 శాతం, ఆడవారిలో 1.6 శాతం. మద్యానికి బానిసలైనవారిలో 38 మందికి ఒకరే ఏదో ఒక చికిత్స పొందారు. ఆసుపత్రిలో చేరి పొందినవారు 180 మందికి ఒకరు. మన దగ్గర మగవాడి అలసటకు, అవమానానికి, అప్పుకు ఊరు ఒప్పుకున్న భాష తాగుడు ఒక్కటే. ఏడిస్తే ఆడదానిలా అంటారు, తాగితే ఏమీ అనరు. ఆ బిల్లు కట్టేది మాత్రం ఆడవాళ్లు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడితే మరుసటి ఏడు సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి, 1997లో సడలిపోయింది. కర్ణాటక 2007లో సారాను నిషేధించింది. చవక మద్యం ఆ ఖాళీని నింపింది. 2019 జనవరిలో మద్యనిషేధం కోరుతూ చిత్రదుర్గం నుంచి బెంగళూరుకు వేలమంది స్త్రీలు కాలినడకన వెళ్లారు, వారిలో రాయచూరు కూలిజనం ఎందరో. నిషేధం పనిచేస్తుందా అని మనం తీరిగ్గా చర్చించవచ్చు. వారు అడిగింది అంతకంటే సూటిగా ఉంది. అతని తాగే స్వేచ్ఛకు మా గింజలతో ఎందుకు వెల చెల్లించాలి? దీర్ఘకాల చికిత్స అనే ఆలోచన ఆ ఆడవాళ్ల ఓర్పును ఉచితంగా దొరికే మందుగా లెక్కవేసుకుంటే, అది మొదలే తప్పుగా మొదలైనట్టు.

ఈ రాయచూరు జిల్లాలోనే మస్కి ఉంది. 1915లో బంగారం వెతుకుతున్న బీడన్ అనే ఇంజనీరుకు అక్కడి బండమీద అశోకుడి శాసనం కనిపించింది. ‘దేవానాంప్రియుడు’ అనే బిరుదు పక్కన అశోకుడనే పేరు మొదట దొరికింది అందులోనే. ఆ శాసనపు సారాంశం మన విషయానికి దగ్గరగా ఉంది. తాను బౌద్ధుడై రెండున్నరేళ్లు దాటిందనీ, సంఘానికి దగ్గరై గట్టిగా ప్రయత్నిస్తున్నది ఏడాదికి పైగా మాత్రమేననీ రాజు లెక్క చెబుతాడు. ఇది గొప్పవారికే సాధ్యమనుకోవద్దు, చిన్నవారూ సాధించగలరని చెప్పిస్తాడు. మారడాన్ని ఏళ్లలో లెక్కపెట్టినందుకు, సంఘం తోడును దాచనందుకు ఆ మాట నాకు నచ్చుతుంది. కానీ పూర్తిగా ఒప్పుకోలేను. చక్రవర్తి ప్రయత్నించిన రోజున అతనికి కూలి పోదు.

పక్కనే ఉన్న బళ్లారి జిల్లాలో 1985లో నిమ్హాన్స్ అనే మానసిక వైద్య సంస్థ ఒక ప్రయోగం మొదలుపెట్టింది. మానసిక వైద్యాన్ని పెద్దాసుపత్రి నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు తేవడం దాని లక్ష్యం. 1996లో దేశమంతటా మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. కర్ణాటకలో మనోచైతన్య పథకం కింద మంగళవారాల్లో తాలూకా ఆసుపత్రులకు మానసిక వైద్యులు వస్తారు. మందు ఉంది, వైద్యుడు ఉన్నాడు, చట్టం ఉంది. కానీ రాయచూరు జిల్లా దేవదుర్గ పల్లెనుంచి తాలూకా ఆసుపత్రికి వెళ్లిరావాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ పోతుంది, అలా ఏడాదో రెండేళ్లో. క్షయ రోగులకు దీర్ఘ చికిత్స కాలంలో తిండి కోసమని 2018 నుంచి కేంద్రం నెలకు 500 రూపాయలు ఇచ్చింది, తరువాత దాన్ని 1000 చేసింది. వ్యసనం నుంచి కోలుకుంటున్నవాడికి అలాంటిది ఇవ్వమంటే వెంటనే వచ్చే అభ్యంతరం, ‘ఆ డబ్బుతోనే తాగుతాడు’ అని. తాగే అవకాశం ఉంది, కాదనలేం. క్షయ రోగుల్లోనూ తాగేవారున్నారు, వారికి ఇచ్చేటప్పుడు ఆ మాట ఎవరూ అనలేదు.