అడగకపోవడం మర్యాదేనా?

మా బి.కొత్తకోటలో కొందరం ఆడవాళ్ళం నెలకోసారి ఎవరో ఒకరి ఇంట్లో కలుస్తాం. ఇద్దరు టీచర్లు, ఒక అంగన్‌వాడీ కార్యకర్త, బట్టల కొట్టు నడిపే ఆమె, మరో ముగ్గురు, నేను. ఒకరు తాము చదివిన కథ చెబుతారు. తర్వాత పేపర్లో వార్తల మీద మాటలు.

ఆ రోజు కథ అబ్బూరి ఛాయాదేవి ‘బోన్సాయ్ బతుకు’. అందులోంచి ఎలాగో గృహహింస చట్టం దగ్గరికి వచ్చాం. 2005లో చేసిన చట్టం, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. దెబ్బలే కాదు, మాటలతో హింసించడం, డబ్బు ఇవ్వకుండా ఏడిపించడం కూడా అందులోకి వస్తాయి. ఇదంతా నేనే వివరించాను. బాగా చెప్తున్నానని కూడా అనుకున్నాను.

నా ఎదురుగా కూర్చున్న స్నేహితురాలి మోచేతి పైన చర్మం కమిలిపోయి ఉంది. నేను చూశాను. నేను చూడడం ఆమె చూసింది. కొంగు కప్పుకుంది. నేను సెక్షన్లు చెప్పుకుంటూ పోయాను. తర్వాత రెండు నెలలు ఆమె రాలేదు.

పదిమందిలో అడిగితే ఆమె పరువు తీసినట్టవుతుందని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టమే. కానీ ఒంటరిగా ఉన్నప్పుడైనా అడగలేదే! నిజం చెప్పాలంటే, అడిగితే ఆమె చెబుతుందేమోనని భయం. చెప్పాక ఆమెను మా ఇంట్లో ఉంచుకోవాలి, వెంట స్టేషనుకు వెళ్ళాలి, రోజూ ఎదురుపడే ఆమె భర్త మొహం చూడాలి. వార్త మనల్ని ఇవేవీ అడగదు.

మాకు దగ్గరే ఉన్న మదనపల్లెలో 1916లో అబలా అభివర్ధినీ సమాజం ఉండేది. ఐర్లండ్ నుంచి వచ్చిన మార్గరెట్ కజిన్స్ అందులో పనిచేశారు. (పేరు సంగతి ఎలా ఉన్నా, ఇల్లు దాటి కలుసుకున్నవాళ్ళు అబలలేం కాదు.) ఆ మరుసటి ఏడే ఆమె, మరికొందరు కలిసి అడయారులో భారత మహిళా సంఘం పెట్టారు. 1917 డిసెంబర్‌లో మద్రాసులో సరోజినీ నాయుడు ముందు నిలబడగా మాంటేగును కలిసి ఓటు హక్కు అడిగారు. బయటి ప్రభుత్వాన్ని అడగడం తేలికని అనను. కానీ పక్కన కూర్చున్న మనిషిని అడగడానికి వేరే రకం ధైర్యం కావాలి.

దూబగుంట ఆడవాళ్ళు అక్షరాస్యత తరగతిలో సీతమ్మ కథ చదివి, అది తమ కథేనని గుర్తుపట్టారు. సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. మనం ఆ కథ ఎన్నోసార్లు చెప్పుకున్నాం. అయితే దుకాణం మీదికి గుంపుగా వెళ్ళొచ్చు. ఒక ఇంటి మీదికి అలా వెళ్తే లోపలున్న ఆమె ఏమవుతుంది?

పోయిన వారం పుస్తకం ఇచ్చే నెపంతో ఒక్కదాన్నే వెళ్ళాను. వసారాలో అత్తగారు. గడప దగ్గరే మెల్లగా అడిగాను, “ఆ పొద్దు చెయ్యి చూసినాను. అడగలేదు. ఏమైందమ్మా?”

ఆమె జవాబు చెప్పలేదు. పుస్తకం తీసుకుంది. నేను మెట్టు దిగుతుంటే అంది, “అక్కా, వచ్చే నెల మీటింగు మా ఇంట్లో పెట్టుకుందామా? ఆదివారం. ఆయన ఇంట్లోనే ఉంటాడు.”

సరేనన్నాను. ఆ రోజు ఏం చదవాలో మాలో మాకు ఇంకా తెగలేదు.