చెప్పకుండా వెళ్ళిపోయిన కుందేలు: ఇది నా కర్మేనా?

 

జడభరతుడి కథ చెప్పిన ప్రతిసారీ ఒక ప్రశ్న వస్తుంది: పెంపుడు జంతువు మీద ప్రేమ పెంచుకోవడం తప్పా అని. ఈ వారం ఆ ప్రశ్న నా పక్క సీటు నుంచే వచ్చింది. మా టీమ్‌లో ఒక అమ్మాయి మూడేళ్ళుగా ఫ్లాట్‌లో పెంచుకుంటున్న కుందేలు చనిపోయింది. రాత్రి కొత్తిమీర శుభ్రంగా తిన్నది, తెల్లారేసరికి కదలట్లేదు. వెట్ కూడా ఫలానా కారణం అని గట్టిగా చెప్పలేకపోయారు.

తర్వాత ఓదార్పులు మొదలయ్యాయి. "కుందేలే కదా, ఇంకోటి తెచ్చుకో" అన్నారు ఒకరు. "మీ ఇంటికి రావాల్సిన గండం అది తీసుకుపోయింది" అన్నారు ఇంకొకరు. "ఏ జన్మ కర్మో" అన్నారు మరొకరు. ఎవరూ చెడుగా అనలేదు. కానీ ఆ అమ్మాయికి అర్థమైంది ఒక్కటే: "నేనేదో పాపం చేశాను, అందుకే అది పోయింది." ఈ పోస్ట్ ఆ మాట గురించే.

ముందు, దాని శరీరం సంగతి

అడవిలో కుందేలు అందరికీ ఆహారమే. నలతగా కనిపిస్తే ముందు దాన్నే పట్టుకుంటారు. అందుకే ఒంట్లో బాగోలేకపోయినా దాచుకోవడం దాని స్వభావం. పేగుల కదలిక ఆగిపోతే గంటల్లోనే ప్రాణం మీదకి వస్తుంది. మనలా చెమట పట్టదు కాబట్టి ఎండాకాలం ఫ్లాట్ వేడి దానికి చాలా ప్రమాదం. విపరీతంగా బెదిరిపోయినా ప్రాణం పోవచ్చు. కొన్నిసార్లు పోస్ట్‌మార్టం చేసినా కారణం తేలదు.

మన వృత్తిలో సర్వర్ పడిపోతే కూర్చుని ఆర్సీఏ రాస్తాం. ఎందుకు రాయగలం? లాగ్స్ ఉంటాయి కాబట్టి. కుందేలు లాగ్స్ రాయదు, పైగా ఉన్న ఎర్రర్ కూడా దాచేస్తుంది. కారణం దొరకలేదు అంటే తప్పు మీదే అని అర్థం కాదండీ. దొరకలేదు, అంతే.

మరి కర్మ?

కర్మ సిద్ధాంతం నిజమే. నేను నమ్ముతాను. కానీ కర్మ నడిచే దారి చాలా లోతైనది, అంత సులువుగా అంతుపట్టదు అని గీత నాలుగో అధ్యాయంలో చెప్పింది సాక్షాత్తూ కృష్ణుడే. ఆయనే అలా అన్నాక, "నీ ఫలానా పాపానికి నీ కుందేలు పోయింది" అని తీర్పు ఇవ్వడానికి మనమెవరం? కర్మ గురించి తెలుసుకునేది ఇకముందు మనం ఎలా నడుచుకోవాలో చూసుకోవడానికి. ఏడుస్తున్న మనిషి మీద వేయడానికి కాదు.

గండం మాట కూడా అంతే. ఒక ఏనుగు పిలిస్తే శంఖచక్రాలు కూడా చేతికి తీసుకోకుండా పరిగెత్తుకొచ్చిన స్వామి మనవాడు. ఆయన మీ గండానికి బదులుగా ఒక కుందేలు ప్రాణాన్ని లెక్క కట్టుకుంటాడని నాకైతే అనిపించదు. దానికీ ఒక జీవుడున్నాడు, దానికీ ఒక ప్రయాణం ఉంది. మన జాతకంలో అది పరిహారం కాదు.

జడభరతుడి కథని సగమే చెప్పొద్దు

భాగవతం ఐదో స్కంధంలో భరతుడు రాజ్యం వదిలి గండకీ నది ఒడ్డున తపస్సు చేసుకుంటుంటాడు. సింహగర్జనకి బెదిరిన నిండుచూలాలు జింక నది దాటబోయి చనిపోతుంది. నీళ్ళలో పడిన పిల్లని ఆయన తెచ్చి పెంచుతాడు. చివరికి దాన్నే తలుచుకుంటూ ప్రాణం వదిలి, జింకగా పుడతాడు. "చూశావా, జంతువు మీద మమకారం పెట్టుకుంటే ఇదే గతి" అని ఇక్కడితో ఆపేస్తారు.

కానీ జాగ్రత్తగా చదివితే, కొట్టుకుపోతున్న పిల్లని కాపాడటం తప్పని ఆ కథలో లేదు. ఆయన పూజ, నియమాలు ఒక్కొక్కటే జారిపోయాయి. లోకమంతా కుదించుకుని ఆ ఒక్క జింక అయింది. అదీ అసలు చిక్కు. ఇంకో సంగతి చూడండి. జింక జన్మలో కూడా ఆయనకి పూర్వజన్మ జ్ఞాపకం పోలేదు, ఆ తర్వాతి జన్మలో మోక్షం వచ్చింది. భగవంతుడు ఆయన్ని వదిలేయలేదు.

వైరాగ్యం అంటే ప్రేమించకపోవడం కాదు. ఈ జీవుడు నా ఆస్తి కాదు, నా దగ్గర కొన్నాళ్ళు ఉండటానికి వచ్చాడు అని తెలిసి ప్రేమించడం.

ఏడవడం బలహీనతా?

జటాయువు పోతే రాముడు ఏడ్చాడు. ఒక గద్దకి తన చేతులతో చితి పేర్చాడు, గోదావరిలో తర్పణం వదిలాడు. "పక్షే కదా" అనలేదు. అరుణాచలం వెళ్ళినవాళ్ళు రమణాశ్రమంలో లక్ష్మి అనే ఆవు సమాధి చూసే ఉంటారు. 1948 జూన్ 18న లక్ష్మి ప్రాణం పోయేటప్పుడు భగవాన్ రమణులు పక్కనే కూర్చున్నారు. ఆ పక్కనే జింకకి, కాకికి, కుక్కకి కూడా సమాధులున్నాయి. ఆయన జంతువుల్ని "అది" అని కూడా అనేవారు కాదు. అంతటి జ్ఞాని దగ్గర వాటికి చోటుంటే, మీ కన్నీళ్ళకి సిగ్గుపడాల్సిన పనేముంది?

ఇప్పుడేం చేయాలి

ఇంట్లో ఇంకో కుందేలు ఉంటే ముందు దాన్ని వెట్‌కి చూపించండి. అంటురోగం అయ్యే అవకాశం కొట్టిపారేయలేం.

సాయంత్రం ఒక దీపం పెట్టి, దాని పేరు చెప్పి, మీ ఇష్టదైవాన్ని పదకొండు సార్లు తలుచుకోండి. "స్వామీ, కొన్నాళ్ళు నాకిచ్చావు, ఇప్పుడు నీ దగ్గరికి వచ్చింది, చూసుకో" అనండి. దీనికి పెద్ద విధివిధానం అక్కర్లేదు.

మిగిలిన గడ్డి, గింజలు కుందేలు పెంచుకునేవాళ్ళకి ఇచ్చేయండి. రోజూ దానికి ఆకుకూర తరిగిన సమయం ఉంటుంది కదా, ఆ పది నిమిషాలే బాగా గుచ్చుతాయి. ఆ సమయానికి బాల్కనీలో పిట్టలకి నీళ్ళు పెట్టండి, వీధిలో ఆవుకి ఇంత ఆకుకూర పెట్టండి. భరతుడి ప్రేమ ఒక్క జింక దగ్గర ఆగిపోయింది. మీది ఆగకుండా చూసుకోండి.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. సంస్కృతంలో శశం అంటే కుందేలు. చంద్రుడిలో కనిపించే మచ్చ కుందేలులా ఉంటుందని ఆయన్ని శశాంకుడు అన్నారు. ఆ చంద్రుణ్ణి శివుడు తలమీద పెట్టుకున్నాడు. అంటే మన పెద్దలు ఆకాశంలోకి చూసి, పరమేశ్వరుడి తలమీదే ఒక కుందేలుకి చోటిచ్చారన్నమాట. ఈ రాత్రి చంద్రుడు కనిపిస్తే ఒకసారి చూసి దణ్ణం పెట్టుకోండి.

అరుణాచల శివ.