పేరు మారిన ప్రవక్తలు

మా ఇబ్రాహీం చర్చిలో అబ్రాహాము. మూసా మోషే, యూసుఫ్ యోసేపు, ఈసా యేసు. మొదటి ముగ్గురూ యూదులకూ పెద్దలే. ఖురాన్ పేరుపెట్టి చెప్పిన పాతికమంది ప్రవక్తల్లో ఎక్కువమంది బైబిల్లోనూ వున్నవాళ్ళే. 19వ సూరా పేరే మర్యం. ఈసాను ప్రవక్తగా నమ్మకపోతే మేం ముస్లిములమే కాదు. ఆయన దేవుని కొడుకని మాత్రం అనం, సిలువమీద చనిపోయాడనీ ఒప్పుకోం. యీ తేడా దాచుకుని చేసే స్నేహం మాకొద్దు.

చండ్రుగొండ లాంటి అడవి అంచు ఊళ్ళల్లో మమ్మల్నీ, యేసును నమ్మిన మాదిగల్నీ, కోయల్నీ ఒక్కమాటతో 'పరాయి మతం' అనేవాళ్ళున్నారు. ప్రవక్త పుట్టిన చోటును బట్టి మనిషి ఊరు మారదు. వాళ్ళకు మా జవాబిదే.

మరి మాకు మేం వేసుకోవాల్సిన ప్రశ్న? ప్రవక్తల మధ్య తేడా చూపొద్దంటుంది ఖురాన్. ఈసా పేరెత్తగానే అలైహిస్సలాం అనే నోరు, యేసును కొలిచే మాదిగ ఇంట్లో మంచినీళ్ళు తాగడానికి వెనకాడితే, ఆ సలాం ఎవరికి చెప్పినట్టు?