బొటనవేలి బాకీ

మోత్కూరు చుట్టుపక్కల తండాల నుంచి డిగ్రీ దాకా వెళ్లిన మేము, మా కాలేజీ సారు చనిపోయాక ఒక సాయంత్రం ఒకచోట చేరాం. ఫొటోకు ఫ్రేము కట్టిద్దామా, పిల్లలకు పుస్తకాలు పంచుదామా అని మాటలు నడుస్తున్నాయి. మాలో ఒకరు ఉన్నట్టుండి అడిగారు: "అసలు సారు మనల్ని ఏమన్నా అడిగిండా? మనం ఏం బాకీ ఉన్నం?" మాటలు అక్కడే ఆగిపోయాయి.

గురువు రుణం అనగానే మాకు ఏకలవ్యుడు గుర్తుకొస్తాడు. నిషాదుల పిల్లవాడు, మనవాడు. ద్రోణుడు చదువు చెప్పనంటే మట్టితో గురువు బొమ్మ చేసుకుని, దాని ముందు తనంతట తానే విల్లు నేర్చుకున్నాడు. చెప్పని చదువుకు కుడిచేతి బొటనవేలు ఫీజు! లోకం ఆ శిష్యుడి భక్తిని ఇప్పటికీ పొగుడుతూనే ఉంది. మాకు మాత్రం భక్తి కన్నా ఆ వేలే కనిపిస్తుంది. మా తాతల భూములు పోయింది కూడా బొటనవేలితోనే. కాగితం మీద ఏం రాసి ఉందో సావుకారికి తెలుసు. సిరా అంటిన వేలు మాది.

ఈ సంగతి మాకు పాఠంగా చెప్పింది సారే. కాకతీయ విశ్వవిద్యాలయ ఆచార్యుడు బియ్యాల జనార్దన్ రావు ఆయనకు గురువు. ఆదివాసీ ప్రాంతాల్లో భూమి ఎట్లా చేతులు మారిందో చెబుతూ జనార్దన్ రావు రాసిన ఇంగ్లీషు పుస్తకం 1987లో వచ్చింది. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దాన్ని బిగించిన 1/70 ఉండగానే భూమి జారిపోయిన కథ అది. 2002లో ఆయన పోయారు. సారు ఆ పుస్తకం తెచ్చి, పేరా పేరా తెలుగులో చెప్పి, పుస్తకం మూసి అడిగారు: "మీ మోత్కూరుకు 1/70 వర్తించదు, తెలుసా?"

మాకు తెలియదు. పాత నల్లగొండ జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతమే లేదు. 1976 సవరణ చట్టంతో తెలంగాణ లంబాడీలం ఎస్టీలమయ్యాం కానీ, కాలేజీ సీటు దగ్గర పనికొచ్చిన ఆ మాట పొలం గట్టు మీద కంచె కాలేదు. ఆ రోజు ఇంటికి పోయి పాత పహాణీలు వెతికినవాళ్లు మాలో ఉన్నారు. కొందరికి దొరికాయి, కొందరికి లేదు. మార్కుల కోసం చదివిన మిగతా పాఠాలు ఇప్పుడు ఒక్కటీ గుర్తు లేవు.

సారు మావాడు కాదు. జనార్దన్ రావు గారూ కాదు. ఆ మాటకొస్తే మార్లవాయిలో 1940లలో గోండు పంతుళ్ల శిక్షణ మొదలుపెట్టించిన హైమన్‌డార్ఫ్ ఇంకా దూరపువాడు, ఆస్ట్రియా దేశస్థుడు. అయినా అక్కడి గోండులు ఆయననూ, భార్య బెట్టినీ సొంతవాళ్లుగా చూసుకున్నారు. సమాధులు ఊళ్లోనే ఉన్నాయి, ఏటా జనవరిలో నివాళి ఇస్తారు. ఆయన గోండు పిల్లలకు గోండిలోనే వాచకాలు తయారు చేయించారు. ఇక్కడే మాకు మా సారు సంగతి ముల్లులా గుచ్చుకుంటుంది.

సారు మమ్మల్ని వేలు అడగలేదు. మేమే ఇచ్చుకున్నాం. క్లాసులో తప్పు లేని తెలుగు మాట్లాడాలని గోర్‌బోలిని తండా పొలిమేరలోనే వదిలి వచ్చేవాళ్లం. ఒకసారి ఆయనే, "దీన్ని మీ భాషలో ఏమంటారు?" అని అడిగారు. తెలిసి కూడా, పక్కవాళ్లు నవ్వుతారని, తెలియదు సార్ అన్నాం. ఆయన మళ్లీ అడగలేదు. అది ఆయన తప్పేమీ కాదని మాలో కొందరంటారు. గురువన్నవాడు రెండోసారి కూడా అడగాల్సిందని ఇంకొందరు. ప్రేమతో చెప్పిన చదువు కూడా శిష్యుడి నుంచి ఏదో తీసుకుంటుందా? చెప్పేవాడికి తెలియకుండానే తీసుకుంటే దాన్ని ఏమనాలి? దీని మీద మాలో మాకు ఇప్పటికీ కుదరలేదు. ద్రోణుడి పక్కన సారును నిలబెట్టడానికి మాత్రం ఎవరికీ మనసొప్పలేదు.

సంతాప సభకు తండా నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. మనవడికి ఫీజు కట్టిన సారని ఆమెకు గుర్తు. ఫొటో ముందు కూర్చుని ఢావ్లో ఎత్తుకుంది. మా ఆడవాళ్లు ఏడుపునే పాటగా పాడేది అది. సారు భార్య మెల్లగా, "అమ్మ ఏమంటోంది?" అని మమ్మల్ని అడిగారు. మొదటి రెండు మాటలు తెలుగులో చెప్పగలిగాం. మూడోదానికి అర్థం మాకే తెలియలేదు. సిగ్గు విడిచి ముసలమ్మనే అడిగాం. ఆమె కళ్లు తుడుచుకుని, పసిపిల్లలకు చెప్పినట్టు, ఆ మాటను నెమ్మదిగా మళ్లీ ఒకసారి పలికింది.