బరువు పడ్డాక బిగించాలి

యాక్సిల్ నట్టు బండి నేల మీద ఉండగానే వదులు చేయాలి. జాకీ ఎత్తాక చక్రమే తిరిగిపోతుంది, నట్టు కదలదు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై రెండేళ్లుగా చేస్తున్న పని ఇది. మొన్న ఆ తెల్ల మారుతి 800 వచ్చినప్పుడు మాత్రం స్పానర్ చేతిలో పెట్టుకుని కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

అది మా మాస్టారి కారు. ఆయన పోయి నాలుగు నెలలయింది. వాళ్లమ్మాయి తెచ్చింది. "అన్నయ్యా, స్టీరింగు పూర్తిగా తిప్పితే టకటకమంటోంది. గుంటలో పడితే ముందు భాగమంతా ఊగుతోంది."

టకటక అంటే యాక్సిల్ చివరి జాయింటు పోయినట్టే. రబ్బరు బూటు చిరిగి, గ్రీజు బయటికి చిమ్మి, దుమ్ము దూరి లోపలి బాల్స్‌ని తినేసింది. రెండు యాక్సిళ్లూ గేర్‌బాక్సులోంచి లాగాను. లోయర్ ఆర్ములు, బుష్‌లు, షాకబ్జర్లు అన్నీ గోనెపట్టా మీద పరిచాను. 800 తయారీ 2014లోనే ఆగిపోయినా సామాను మా దగ్గర దొరుకుతుంది. ఇంజను పదేళ్ల కిందట నేనే మార్చాను. తలుపులు రెండు కొత్తవి. ఇప్పుడు ముందు కాళ్లూ మారుతున్నాయి.

మాస్టారుంటే ఆ గోనెపట్టా పక్కనే స్టూలు వేసుకునేవారు. ఆయనది మాచర్ల. నాగార్జునసాగర్ నీళ్లు లోయను ముంచకముందు, 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిగాయి. చిన్నప్పుడు తండ్రితో వెళ్లి చూశారట. మునిగిపోయే ఇక్ష్వాకుల నాటి కట్టడాల్లో కొన్నిటిని విడదీసి తెచ్చి నాగార్జునకొండ మీదా అనుపులోనూ మళ్లీ నిలబెట్టారు. "ఊడదీసి కట్టిన విహారం ఆ విహారమేనా అబ్బాయ్?" అని అడిగేవారు. నేను నీళ్లు నమిలితే మిళిందుడి కథ ఎత్తుకునేవారు.

గ్రీకు రాజు మిళిందుడు రథమెక్కి వచ్చాడు. ఇరుసే రథమా అని నాగసేన భిక్షువు అడిగాడు. చక్రాలా? నొగా? కాడా? పగ్గాలా? రాజు దేనికీ ఒప్పుకోలేదు. అన్నీ కలిస్తేనా అంటే అదీ కాదన్నాడు. ఇవి కాక ఇంకేదైనా ఉందా అంటే లేదన్నాడు. ఈ భాగాల్ని ఆసరా చేసుకుని మనం పిలిచే పేరే రథం, మనిషీ అంతే అని తేలింది.

'అన్నీ కలిస్తే' దగ్గర రాజు తొందరపడ్డాడని నా వాదన. కుప్ప పోస్తే కాదు, సరే. బిగిస్తే? మాస్టారు ఏడో శతాబ్దపు బౌద్ధ పండితుడు చంద్రకీర్తిని తెచ్చారు. ఆయన కుప్పను వేరుగా, అమరికను వేరుగా పరీక్షించి రెంటిలోనూ రథం లేదన్నాడట. నాకు కోపం వచ్చింది. రోజూ నేను కూడుతినేది ఆ అమరిక వల్లనే.

కానీ ఒక పాత తప్పు గుర్తొచ్చింది. పని నేర్చుకునే రోజుల్లో, బండి గాల్లో ఉండగానే లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులు గట్టిగా బిగించేశాను. చక్రం వేలాడుతున్న భంగిమలోనే రబ్బరు పట్టేసింది. కిందికి దించితే బరువుకి ఆర్మ్ పైకి లేచి రబ్బరు మెలిపడింది, కొన్ని నెలలకే చిరిగింది. మంచి సామానే. ఎక్కడి బోల్టు అక్కడే ఉంది. కానీ దాని కింద నేల లేదు. ఆ బోల్టుకి సరైన చోటు బోల్టులోనూ లేదు, ఆర్ములోనూ లేదు. బండి బరువు, రోడ్డు, ఎక్కే మనుషులు, అన్నీ కలిసి దాన్ని తేలుస్తాయి. అమరిక కూడా తనంతట తాను నిలవదని నాకు అర్థమైంది అక్కడే.

అయితే అంతా ఉత్తదేనా అని బెంగపడ్డాను. మాస్టారు నాగార్జునుడి మాట విప్పి చెప్పారు. శూన్యమంటే లేకపోవడం కాదు, దేని అండా లేకుండా ఉండలేకపోవడం. మార్పులేని స్వభావమే ఉంటే అరిగిన జాయింటు ఎప్పటికీ అరిగే ఉండాలి, నీ స్పానర్‌కి పనేముంది అన్నారు. ఆ మాటకు నా పని మీద నాకు భక్తి కలిగింది.

ఆయన పోయినరోజు మాత్రం కఠోపనిషత్తే మనసుకు ఆనింది. శరీరం రథం, ఆత్మ రథి. బండి దిగి వెళ్లారనుకుంటే కన్నీళ్లు కాస్త ఆగాయి. ఇప్పటికీ అటే లాగుతుంది. అయినా డ్రైవరు సీటులో ఆయన కూర్చుని కూర్చుని పల్లమైన చోట చెయ్యి పెట్టి చూస్తే, దిగి వెళ్లిన వాళ్లెవరూ లేరనే అనిపించింది. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం నాలో అడుగుతూనే ఉంది. రాత్రి తొలిజాము దీపం, తెల్లవారుజాము దీపం ఒకటీ కావు, వేరూ కావు అని కూడా నాగసేనుడే చెప్పాడు కదా.

కొత్తవన్నీ ఎక్కించి, గేర్‌బాక్సు ఆయిలు పోసి, బండిని ర్యాంపు మీదికి తెచ్చాను. నాలుగు చక్రాల మీదా బరువు పడింది. ముందు భాగాన్ని రెండుసార్లు నొక్కి వదిలి, అప్పుడు కిందికి దూరి బుష్ బోల్టులు బిగించాను.

అమ్మాయి స్టీరింగు రెండువైపులా పూర్తిగా తిప్పి నడిపి చూసింది. చప్పుడు లేదు. దిగి, "ఆ పాత యాక్సిళ్లు నేను తీసుకెళ్లొచ్చా అన్నయ్యా?" అంది. గ్రీజు తుడిచి, గోనెపట్టాలో చుట్టి డిక్కీలో పెట్టాను.