తీర్థదర్శన ఫలము

తీర్థమను పదమునకు పుణ్యక్షేత్రమనియు, పవిత్రజలమనియు రెండర్థములు ప్రసిద్ధములు. క్షేత్రమునకు పోవుట తీర్థయాత్ర. సన్నిధిలో అర్చకస్వామి ఉద్ధరిణెతో చేతిలో పోయునది తీర్థము. ఈ రెండర్థములకు గల సంబంధమును చక్కగా బోధించు దేవాలయమొకటి సముద్రమునకు ఆవల, ఇండోనేషియాలోని బాలి ద్వీపమున కలదు.

బాలి ప్రజలలో అధికసంఖ్యాకులు హిందువులు. అచ్చటి బెడుగుల్ కొండప్రాంతమున, సముద్రమట్టమునకు సుమారు 1,200 మీటర్ల ఎత్తున బ్రతన్ సరస్సు ఉన్నది. దాని అంచున నెలకొన్నది ఉలున్ దను బ్రతన్ ఆలయము. క్రీ.శ. 1633 ప్రాంతమున మెంగ్వి ప్రభువు దీనిని నిర్మించెనని చెప్పుదురు. సరోవరదేవతయగు దేవి దను ఇచ్చట పూజలందుకొనును. జలమునకు అధిదేవత విష్ణువని బాలి హిందువుల విశ్వాసము. నారాయణ నామమునకు నీరు నివాసముగా గలవాడని అర్థము చెప్పుకొను వైష్ణవునకు ఈ భావము క్రొత్త కాదు. పూజానంతరము వారు స్వీకరించు పవిత్రజలమునకు వారి భాషలోను 'తీర్థ' యనియే పేరు.

సరస్సు నిండినప్పుడు పదకొండు అంతస్తుల కప్పులుగల మేరువు నీటిపై తేలుచున్నట్లు కన్పట్టును. వెనుక కొండలు, వానిపై మంచుతెరలు. అయితే నిత్యదర్శనమిచ్చు మూలమూర్తి కొరకు వెదకిన యాత్రికునకు అట్టి మూర్తి కానరాదు. ఉత్సవదినములలో దేవతలను ఆవాహన చేసి ఆరాధించుట బాలి ఆలయముల ఆచారము. ఇతర దినములలో వచ్చినవాడు కొండను, నీటిని చూచి మరలును. అతనికి లభించినది దైవదర్శనమా, కేవలము కనులపండుగయా?

ప్రకృతి సౌందర్యము భగవద్విభూతియే కనుక అది చాలునని కొందరందురు. ఇంద్రియసుఖము చిత్తమును చెదరగొట్టునని మరికొందరందురు. ఆ సరస్సు క్రింది పొలములకు దిగి చూచినచో దీనికి సమాధానము దొరకును.

బాలి రైతులు సుబాక్ అను సంఘములుగా ఏర్పడి కాలువనీటిని పంచుకొందురు. ఆ నీరు దేవి ఇచ్చినదని నమ్మి, జలదేవాలయములలో పూజలు జరిపి, ఏ ప్రాంతమువారు ఎప్పుడు నాట్లు వేయవలెనో నిర్ణయించుకొందురు. ఈ సుబాక్ వ్యవస్థను 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వముగా గుర్తించినది. 1970లలో అధికోత్పత్తి వరివంగడములు వచ్చినప్పుడు, ఆ కాలనియమమును విడిచి ఎవరికి వారు వీలైనన్ని పంటలు వేయుడని రైతులను ప్రోత్సహించిరి. కొలదికాలములోనే నీటికొరతయు, చీడలును పెరిగినవి. పొలములన్నియు ఒకేమారు కోతకు వచ్చి ఒకేమారు ఖాళీగా నున్నచో చీడపురుగులకు ఆహారము దొరకదు. ఎగువవాడు దిగువవానికి సకాలమున నీరు వదలినచో దిగువవాడును వానితోపాటే నాటును. ఇరువురి పైరును నిలుచును.

అట్లయిన ఇది స్వలాభమే గాని భక్తి యెట్లగునని సంశయము కలుగవచ్చును. లాభము చూచి నీరు వదలువాడు, లాభము లేనినాడు గండి కట్టివేయును. నీరు తనది కాదని యెరిగినవాడు చీడ భయము లేకున్నను దిగువవానికి అడ్డుపడడు. దేవతలిచ్చిన భోగములను వారికి సమర్పింపక తానే అనుభవించువాడు దొంగయని గీత మూడవ అధ్యాయమున భగవానుడు హెచ్చరించెను. ఒకే కాలువపై ఇరువురు ఒకే విధముగా నడచుకొన్నను, ఒకని చేతిలోనిది వ్యాపారము, మరొకని చేతిలోనిది తీర్థము.

కాబట్టి కొండపై సరస్సును చూచి ఆనందించుట దోషము కాదు. అచ్చటనే ఆగిపోవుట కొరత. ఆ అందము 'ఇది ఎవరిది? నాకెందుకు దక్కినది?' అను ప్రశ్నను రేపినప్పుడు చూపు దర్శనమగును. ఆ ప్రశ్న పొరుగువాని పొలమువరకు నడిపించినప్పుడు యాత్ర సఫలమగును.

తెలుగునాట భక్తుడు తీర్థమును పుచ్చుకొని తడిచేతిని శిరస్సుకు అద్దుకొనును. ఒక్క చుక్కయు నేలపాలు కాకుండ జాగ్రత్తపడును. ఆ శ్రద్ధయే ఇంటి బావిపట్ల, ఊరి చెరువుపట్ల, తనకు దిగువన దప్పిగొన్న వానిపట్ల నిలిచిననాడు, ఆ భక్తుడు ఎంత దూరము పోయివచ్చినను, గడప దాటకున్నను, తీర్థము సేవించినవాడే యగును.