పరదేశికి ఆరడుగుల నేల



మా సంఘపు భూస్థాపన స్థలమునకు కొత్త బోర్డు వ్రాయించవలసి వచ్చినప్పుడు, ఏ మాట వ్రాయాలని పెద్దలమైన మేము చర్చించుకున్నాము. "శ్మశానము" అంటేనే భయము, వద్దన్నారు కొందరు. ప్రభువును ఉంచినది తోటలోని సమాధిలోనే గనుక "సమాధుల తోట" అందామన్నారు మరికొందరు. తమిళనాట పుట్టిన మా పిల్లలకు "కల్లరై తోట్టం" అన్న మాటే అలవాటు.

మాటలను కాస్త విచారిద్దాము. తమిళములో కాల్చే చోటు సుడుకాడు, పాతిపెట్టే చోటు ఇడుకాడు, కల్లరై అంటే రాతి గది. మన "గోరీ" పారసీకము నుండి వచ్చినది. "సమాధి" అంటే ధ్యానములో లీనమైన స్థితి అని కూడా అర్థమున్నది. ఇంగ్లీషువారి "సెమిటరీ"కి మూలమైన గ్రీకు మాటకు నిద్రించు చోటు అని అర్థము. లాజరు నిద్రించుచున్నాడనే కదా ప్రభువు చెప్పినది! మేము వద్దనుకున్న "శ్మశానము"నకు సైతము, శరీరము శయనించు చోటు అనియే యాస్కుడు నిరుక్తములో అర్థము చెప్పినాడు. భయము మాటలో లేదు, మనలోనే ఉన్నది.

ఈ చర్చ ముగియక మునుపే, కూలిపనికి వచ్చిన ఒక తెలుగు విశ్వాసి మరణించాడు. సభ్యుల పట్టీలో అతని పేరు లేదు. స్థలము కొంచెమే, అది మా సభ్యులకే అన్నాము. ఆ కుటుంబము సాయంత్రము వరకు గేటు దగ్గర కాచుకొని, శవమును మునిసిపాలిటీ స్థలమునకు తీసుకొనిపోయింది. "మాది" అన్నాము గాని "మనది" అనలేకపోయాము. తెలుగులో ఆ రెండు మాటల మధ్య ఎంత దూరమున్నదో ఆనాడు తెలిసినది.

అబ్రాహాము హేతు కుమారుల ఎదుట తాను పరదేశినని చెప్పుకొని, నాలుగు వందల తులముల వెండి తూచి యిచ్చి, శారాను పాతిపెట్టుటకు మక్పేలా పొలమును గుహను కొన్నాడు. కుమ్మరివాని పొలము కొన్నది కూడా పరదేశులను పాతిపెట్టుటకే. మన తాతలు ఈ ఊళ్లకు పరదేశులుగానే వచ్చారు.

స్థలము కొంచెమే, నిజమే. అయితే పట్టీలో పేరు లేనివాడు నిద్రించినప్పుడు ఏమి చేయాలో ముందుగానే తీర్మానించుకొనుట మన బాధ్యత. మేము ఆలస్యముగా తీర్మానించుకున్నాము. ఇప్పుడు ఒక మూల పరదేశుల కొరకు విడిచియున్నాము. మీ సంఘములో ఆ మూల ఎక్కడున్నది? వచ్చే కమిటీ కూటములో దయచేసి అడగండి. బోర్డు సంగతి తరువాత చూచుకొనవచ్చును.